పాత ఐరిష్ వీధి ఫోటోకి తేదీ కట్టాలంటే కొట్టు బోర్డును ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: "ఐర్లండ్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి అటక మీద ఒక పాత వీధి ఫోటో దొరికింది. వరసగా కొట్లు, గుర్రబ్బళ్లు, చెప్పుల్లేని పిల్లలు. కొట్ల మీద పేర్లు చదవడానికి వస్తున్నాయి. ఇంటాయన 1890 నాటిదంటున్నాడు. నిజమో కాదో ఎలా తేల్చాలి?"

ఇంటాయన చెప్పిన ఏడాదిని ముందు పక్కన పెట్టండి. ఇక్కడ ఎవరింట్లో పాత ఫోటో ఉన్నా పది, ఇరవై ఏళ్లు వెనక్కి జరిపే చెబుతారు. చెప్పుల్లేని పిల్లల్ని చూసి మీరూ తొందరపడకండి. ఐర్లండ్ చిన్న ఊళ్లలో పిల్లలు 1930ల్లో కూడా ఎండాకాలం వట్టి కాళ్లతోనే తిరిగారు. గుర్రబ్బళ్లూ అంతే. బట్టల ఫ్యాషన్ చూసి ఏడాది చెప్పేసేవాళ్లను నేనసలు నమ్మను. పారిస్ ఫ్యాషన్ టిప్పరరీ సంతకి ఎప్పుడొచ్చిందో ఎవరు చెప్పగలరు?

ఇక అందరూ చేసే పని బోర్డు మీద పేరు చదవడం, ఆ పేరుగల మనిషి ఎప్పుడు బతికాడో వెతకడం, ఆ లెక్కన తేదీ కట్టెయ్యడం. ఐర్లండ్‌లో ఇది పెద్ద ప్రమాదం. ఇక్కడ కొట్టు బోర్డు మీది పేరు యజమాని పోయినా దిగదు. చెక్క మీద చెక్కిన అక్షరాలు, సిమెంటులో పోతపోసిన అక్షరాలు, పైగా పేరే వ్యాపారానికి ఆస్తి. కొడుకు, మనవడు, ఒక్కోసారి కొట్టు కొనుక్కున్న పరాయివాడు కూడా ఆ పేరు కిందే అమ్ముకుంటాడు. దానికితోడు తండ్రికీ కొడుక్కీ మనవడికీ అందరికీ ఒకటే పేరు పెట్టే అలవాటు. అందుకని పేరు ఉందా లేదా అన్నది కాక, పేరు ఎక్కడ మారిందో చూడాలి. వీధిలో ఎప్పుడూ మారని కొట్టు మీకు ఏమీ చెప్పదు. పక్కనున్న, చేతులు మారిన చిన్న పబ్బు అన్నీ చెబుతుంది.

నేను టిప్పరరీ కౌంటీలో ఒక చిన్న ఊళ్లో నర్సుగా పనిచేస్తున్నాను. ఊరి పేరు రాస్తే మా పక్కింటి పెద్దాయన ఎవరో తెలిసిపోతుంది, అందుకని రాయను. ఆయనకి ఎనభై దగ్గర పడింది. వాళ్ల హాల్లో ఒక ఫోటో ఉంది: మా ఊరి మెయిన్ స్ట్రీట్, మధ్యలో వాళ్ల కుటుంబం వారి బట్టల కొట్టు, గుమ్మంలో టోపీ పెట్టుకున్న మీసాల మనిషి. కదిలినందువల్ల మొహం కాస్త చెదిరింది. అది వాళ్ల ముత్తాత అనీ, కొట్టు పెట్టిన మనిషనీ, ఫోటో 1898 నాటిదనీ ఇంట్లో అందరి నమ్మకం. ఫ్రేము కింద ఇత్తడి రేకు మీద కూడా అదే చెక్కించారు. అమెరికా నుంచి చుట్టాలు వస్తున్నారు, చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం, కాస్త చూసిపెడతావా అని అడిగారు. నైట్ డ్యూటీల మధ్య ఖాళీ రోజులన్నీ దీనికే పోయాయి, సంతోషంగానే.

ఫోటో మూలన 'డబ్ల్యూ.ఎల్.' అని రెండు అక్షరాలు, పక్కన ఒక నంబరు ఉన్నాయి. మీ ఫోటోలో కూడా ఇది ఉందేమో ముందు చూడండి. అంటే డబ్లిన్‌లో విలియం లారెన్స్ స్టూడియో వారిది. తీసింది చాలావరకు రాబర్ట్ ఫ్రెంచ్ అనే ఒకే మనిషి. ఫోటోలు మొదలుపెట్టకముందు పోలీసు ఉద్యోగం చేసినవాడు. 1914 దాకా దేశమంతా తిరిగి ఊరూరా మెయిన్ స్ట్రీట్ తీశాడు. 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో శాక్‌విల్ స్ట్రీట్‌లోని స్టూడియో దోపిడీకి గురై కాలిపోయింది. మనుషుల పోర్ట్రెయిట్ నెగటివులన్నీ పోయాయి. ఊళ్ల నెగటివులు వేరే చోట దాచి ఉండటంతో బతికాయి. సుమారు 40,000 గాజు పలకలు. వాటిని 1943లో నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లండ్ కొన్నది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. కేటలాగులో తేదీ మాత్రం చాలా ఫోటోలకి 1865 నుంచి 1914 మధ్య అని ఉంటుంది. విసుక్కోకండి, తెలియనిదాన్ని తెలియదని రాయడం మర్యాద. నంబరును బట్టి ఏడాది చెప్పేస్తామనేవాళ్లు ఉంటారు, ఆ లెక్క నమ్ముకోకండి. పోస్టుకార్డు అయితే మరీ జాగ్రత్త. ముద్ర మీది తేదీ ఆ కార్డు పోస్టయిన తేదీ మాత్రమే. పాత నెగటివుతో ఏళ్ల తరబడి కార్డులు వేస్తూనే ఉండేవారు.

గాజు నెగటివు నుంచి చేసిన పెద్ద స్కాను దొరికితే పండగే. పెద్దాయన ఇంట్లోని కాపీలో బట్టల కొట్టు బోర్డు ఒక్కటే చదవడానికి వచ్చేది. లైబ్రరీ వారి స్కానును తెర మీద పెద్దది చేస్తే పక్క పబ్బు బోర్డు కూడా చదవగలిగాను. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది, ఇది తేలుతుందని.

ముందు చోటు ఖాయం చేసుకోవాలి. ప్రింటు పట్టుకుని వీధిలో నిలబడ్డాం ఇద్దరం, వాన తుంపర్లలో. కింది అంతస్తు చూస్తే ఏమీ పోల్చలేం. బెట్టింగ్ షాపు, ఫోన్ రిపేర్లు, టేక్‌అవే, అన్నిటికీ ప్లాస్టిక్ బోర్డులు. ఎప్పుడూ బోర్డుకి పైన చూడాలి. మేడ మీద కిటికీల మధ్య దూరం, పొగగొట్టాలు, చూరు వాలు, ఇవి మారవు. పబ్బు పక్కన బండి లోపలికి వెళ్లే కమాను దారి ఫోటోలో ఉంది. అది ఇప్పటికీ ఉంది, ఇనప గేటు వేసి. ఎదురుగా ఉన్న ఇనప సామాన్ల కొట్టు ఫోటోలో రెండంతస్తులే, ఇప్పుడు మూడు. దాన్ని గుర్తుపెట్టుకున్నాను.

తర్వాత సెన్సస్. 1901 మార్చి 31 నాటిదీ, 1911 ఏప్రిల్ 2 నాటిదీ నేషనల్ ఆర్కైవ్స్ వారి సైటులో ఇంటింటి కాగితాలతో సహా ఉచితంగా ఉన్నాయి. అంతకుముందువి ఎందుకు లేవో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. 1821 నుంచి 1851 దాకా ఉన్నవి చాలావరకు 1922లో డబ్లిన్‌లో, రికార్డులు దాచిన ఫోర్ కోర్ట్స్ భవనం పేలుడులో కాలిపోయాయి. 1861, 1871వి ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కరువని గుజ్జు చేశారు. ఒక దేశం జనాభా మొత్తం, ఊరూ పేరూ వయసూ వృత్తితో సహా, కాగితం గుజ్జు! అందుకే ఇక్కడ చిన్న చిన్న ఊరి రికార్డులకి ఇంత విలువ.

సెన్సస్‌లో అందరూ పడే గోతి ఒకటుంది. అందులో కనబడే ఇంటి నంబరు వీధి నంబరు కాదు. లెక్కలు రాసుకునే మనిషి నడిచిన వరసలో వేసుకున్న నంబరు. కాబట్టి నంబరును బట్టి కొట్టును వెతకొద్దు. ఇళ్లకి సంబంధించిన బి-1 అనే ఫారం తెరవండి. అందులో ప్రతి ఇంటికీ అది కొట్టా, పబ్బా, హోటలా, ఉత్త నివాసమా అని ఉంటుంది. గోడలు రాయా మట్టా, కప్పు పలకరాయా గడ్డా, గదులెన్ని, ముందువైపు కిటికీలెన్ని అని కూడా ఉంటుంది. ముందువైపు కిటికీలు! ఫోటోలో మీరు లెక్కపెట్టగలిగేది సరిగ్గా అదే. హోటలు, నివాసం, తొమ్మిది కిటికీల కొట్టు, అయిదు కిటికీల పబ్బు అని ఫోటోలోని వరసను కాగితం మీద రాసుకుని, బి-1లో అదే వరస వెతికాను. రెండు సెన్సస్‌లలోనూ దొరికింది. ఈ పద్ధతిని మించింది లేదు, నా మాట నమ్మండి.

బట్టల కొట్టులో 1901లో ముత్తాత, ఆయన భార్య, పంతొమ్మిదేళ్ల కొడుకు, పై అంతస్తులో ఉండే ఇద్దరు సేల్స్ కుర్రాళ్లు, వేరే కౌంటీల నుంచి వచ్చినవాళ్లు. 1911లో ఇంటి పెద్దగా ముత్తాత భార్య, విధవ అని, కొడుకు డ్రేపరు, అంటే బట్టల వ్యాపారి, అని. ముత్తాత 1907లో పోయినట్టు మరణాల రిజిస్టరులో ఉంది. ఆ రిజిస్టర్లు కూడా ప్రభుత్వ సైటులో ఉచితమే. ఇక్కడిదాకా వచ్చి పెద్దాయన, "చూశావా, అంటే ఫోటో 1907కి ముందుదే కదా" అన్నారు. ఇంట్లో వాళ్లూ అక్కడితో ఆపేద్దామన్నారు.

పబ్బు సంగతి ఎవరూ అడగలేదు. ఫోటోలో పబ్బు మీదున్న పేరు 1901 సెన్సస్‌లో ఆ ఇంట్లో లేదు. అప్పుడు వేరే కుటుంబం. 1911లో మాత్రం బోర్డు మీది పేరే. అంటే ఈ పదేళ్ల మధ్యలో ఎప్పుడో చేతులు మారింది, ఫోటో ఆ తర్వాతది. ఎప్పుడు మారింది?

దీనికి సమాధానం వాల్యుయేషన్ ఆఫీసు పుస్తకాల్లో ఉంటుంది. గ్రిఫిత్ వాల్యుయేషన్ అని 1847 నుంచి 1864 దాకా ఐర్లండ్‌లో ప్రతి ఇంటికీ, పొలానికీ పన్ను కోసం విలువ కట్టారు. ఆ తర్వాత అధికారులు మళ్లీ మళ్లీ వచ్చి మార్పులు రాసుకునేవారు. అనుభవదారు మారితే పాత పేరు కొట్టేసి పైన కొత్త పేరు, పక్కన ఏడాది. ఏ ఏడాది మార్పులు ఆ ఏడాది రంగు సిరాతో. ఎర్ర, నీలి, ఆకుపచ్చ, ఊదా. ఒకే పేజీలో పదీ పదిహేనేళ్ల మార్పులు ఉంటాయి కాబట్టి రంగే తాళంచెవి. నాకు మొదట ఒక చోట ఇదే పేజీకి బ్లాక్ అండ్ వైట్ జెరాక్సు ఇచ్చారు. డబ్బులూ తీసుకున్నారు. అన్ని సిరాలూ ఒకటే బూడిద రంగు! ఏ గీత ఏ పేరుదో, ఏ ఏడాది ఏ గీతదో చెప్పడానికి లేదు. ఇలాంటి జెరాక్సు ఎవరైనా ఇస్తే తీసుకోకండి, రంగుల్లో చూపించమని గట్టిగా అడగండి. డబ్లిన్ వెళ్లి రంగుల పేజీ చూస్తే అర నిమిషం పని. పబ్బు పాత యజమాని పేరు మీద ఆకుపచ్చ గీత, పైన ఆకుపచ్చ సిరాలో కొత్త పేరు, అంచున అదే ఆకుపచ్చలో '09'.

అయితే ఈ '09' అంటే అధికారి వచ్చి రాసిన ఏడాది. మార్పు అంతకు కొన్ని నెలల ముందే జరిగి ఉండొచ్చు. కాబట్టి కౌంటీ లైబ్రరీలో పాత పత్రికలు తిరగేశాను. పబ్బు చేతులు మారితే లైసెన్సు కోర్టులో బదిలీ కావాలి, కోర్టు సంగతులన్నీ ఊరి పత్రికలో పడతాయి. 1908 అక్టోబరులో పడింది, రెండే లైన్లు. ఫోటోలో నీడలు పొట్టిగా ఉన్నాయి, ఎండాకాలం మధ్యాహ్నం. అంటే 1909 ఎండాకాలానికి ముందు తీసే అవకాశమే లేదు.

ఎదురుగా ఇనప సామాన్ల కొట్టు గుర్తుందా, రెండంతస్తులది? అదే పుస్తకంలో దాని విలువ 1913లో ఒక్కసారిగా పెరిగింది. పక్కన కొత్తగా కట్టినట్టు రాసి ఉంది. మూడో అంతస్తు అప్పటిదే. ఫోటోలో అది లేదు. కాబట్టి 1909కీ 1913కీ మధ్య. నన్నడిగితే 1909 ఎండాకాలమే. పబ్బు బోర్డు మీద రంగు మెరుస్తోంది, చుట్టుపక్కల బోర్డులన్నీ వెలిసిపోయి ఉన్నాయి. ఐరిష్ వానలో కొత్త రంగు రెండేళ్లు నిలవదు. దీనికి నా దగ్గర కాగితం లేదు, కానీ నాకు అనుమానం లేదు.

అలా అయితే 1907లో పోయిన ముత్తాత గుమ్మంలో ఎలా నిలబడతాడు? ఈ మాట పెద్దాయనతో చెప్పడానికి నాకు చాలా టెన్షన్ పట్టింది. చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "బోర్డు మీద ఆయన పేరే ఉంది కదా!" అన్నారు, కాస్త కోపంగానే. నేను ఒకటే అడిగాను: "మీ చిన్నప్పుడు కొట్టు బోర్డు మీద ఏ పేరుండేది?" "అదే పేరు." "కొట్టు మూసేసినప్పుడు?" 1970ల్లో మూసేశారట. అప్పటికీ అదే పేరు. అంటే ముత్తాత పోయాక అరవై ఏళ్లకి పైగా ఆ బోర్డు ఆయన పేరుతోనే ఉంది, ఈ పెద్దాయనే దాని కింద ఆడుకున్నాడు. చెబుతూ చెబుతూ ఆయనే ఆగిపోయాడు. తర్వాత ఫ్రేము దించి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దం పెట్టి చూశాడు. "అయితే ఇది మా తాత. భుజం ఒకవైపు వాల్చి నిలబడేవాడు, నాకు గుర్తే" అన్నాడు. ముత్తాతని ఆయన ఎప్పుడూ చూడలేదు. తాత ఒళ్లో పెరిగాడు. బోస్టన్‌లో ఉన్న చెల్లెలు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. పుస్తకంలో నా లెక్కే వేశారు.

మనుషుల వయసును బట్టి తేదీ కట్టాలనుకునేవాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. అదే వీధిలో ఒకావిడ 1901లో 58 ఏళ్లది, 1911లో 72 ఏళ్లది. తప్పు చదివానని అనుకోకండి. 70 ఏళ్లు దాటినవాళ్లకి 1909 జనవరి 1 నుంచి పెన్షన్ మొదలైంది. పుట్టిన తేదీ కాగితాలు లేని పేదవాళ్లు దేశమంతటా పదేళ్లలో పదేళ్లకంటే ఎక్కువే పెరిగారు. నేనైతే వాళ్లని తప్పుపట్టను. కానీ సెన్సస్ వయసులను ఫోటోలోని మొహాలకి అతికించి తేదీ చెప్పకండి.

రంగులద్దే సాఫ్ట్‌వేర్ల గురించి కూడా చెప్పి తీరాలి. ఇప్పుడు ప్రతివాడూ పాత వీధి ఫోటోకి రంగులేసి ఫేస్‌బుక్‌లో పెడుతున్నాడు, కింద '1900 ప్రాంతం' అని రాసి. ఆ రోజుల్లో ప్లేట్లు ఎరుపును పట్టేవి కావు. ఎర్ర బోర్డు నల్లగా పడేది, నీలం తెల్లగా పడేది. యంత్రానికి ఇవేం తెలుసు? నల్లగా ఉన్న బోర్డుకి నలుపే వేస్తుంది. పైగా మొహాలు, అక్షరాలు నున్నగా చేసేస్తుంది, మనం చదవాల్సిన చిన్న పోస్టర్లు మాయం. అంచులు కత్తిరించేవాళ్లు ఇంకా ఘోరం. స్టూడియో గుర్తు, నంబరు ఉండేది ఆ అంచునే. వెనక వైపు స్కాన్ చెయ్యకుండా పంపేవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు.

మీది పెద్ద ఊరు ఫోటో అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. డబ్లిన్‌లో ఎలక్ట్రిక్ ట్రామ్ కనిపిస్తే 1896 తర్వాతది, ఓకానెల్ స్ట్రీట్‌లో పార్నెల్ విగ్రహం ఉంటే 1911 అక్టోబరు తర్వాతది, నెల్సన్ స్తంభం నిలబడి ఉంటే 1966 మార్చికి ముందుది. కార్క్‌లో ఎలక్ట్రిక్ ట్రామ్ ఉంటే 1898కీ 1931కీ మధ్య. అక్కడి సెయింట్ ప్యాట్రిక్ స్ట్రీట్‌లో 1920 డిసెంబరులో బ్రిటిష్ బలగాలు తగలబెట్టిన పాత పెద్ద దుకాణాలు కనిపిస్తే అంతకు ముందుది. కారు ఉంటే నంబరు ప్లేటు చూడండి. 1904 నుంచి కౌంటీకో అక్షరాల జత: కార్క్ కౌంటీకి ఐ.ఎఫ్., గాల్వేకి ఐ.ఎమ్., డబ్లిన్ నగరానికి ఆర్.ఐ. ఏ కౌంటీయో తెలియని ఫోటోకి ఇది బాగా పనికొస్తుంది. ఆకుపచ్చ పోస్టుడబ్బాల కోసం మాత్రం చూడకండి. 1922 తర్వాత ఎర్రవాటి మీదే ఆకుపచ్చ పూశారు, నలుపు తెలుపు ఫోటోలో ఏదైనా ఒకటే.

మీరు ఊరి పేరు రాయలేదు, కనీసం కౌంటీ చెప్పండి. ఉత్తర ఐర్లండ్ ఆరు కౌంటీల్లో ఒకటైతే మీ అదృష్టం. 1864 నుంచి 1933 దాకా వాల్యుయేషన్ పుస్తకాలు బెల్‌ఫాస్ట్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు వారి సైటులో ఉన్నాయి, ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మిగతా ఇరవయ్యారు కౌంటీలైతే డబ్లిన్ వెళ్లాల్సి రావచ్చు. పాత వాల్యుయేషన్ ఆఫీసు 2023లో టాల్చ ఎరన్ అనే సంస్థలో కలిసింది, ముందు ఫోన్ చేసి సమయం కనుక్కుని వెళ్లండి. ఈలోగా ఫోటోను ఫ్రేములోంచి తీసి, ముందూ వెనకా, అంచులతో సహా స్కాన్ చేసి ఇక్కడ పెట్టండి. బోర్డుల మీది పేర్లన్నీ ఎడమ నుంచి కుడికి వరసగా రాయండి, మేడ మీద కిటికీలు లెక్కపెట్టి పక్కన వెయ్యండి. 1901, 1911 బి-1 ఫారాల్లో ఆ వరస నేను వెతికిపెడతాను.